పాత బరోలో వైన్‌ను రుచి చూడడం ఎలా

పాఠకులు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. ఇటలీలోని ఒక చిన్న కుటుంబం తయారుచేసిన, పదిహేనో ఇరవయ్యో ఏళ్ళ నాటి బరోలో అనే రెడ్ వైన్ సీసా బహుమతిగా వచ్చింది. తెరిచి చూస్తే రంగు వెలిసి ఇటుక ఛాయలో ఉంది, మొదటి గుక్కలో పులుపూ వగరూ తప్ప ఏమీ తెలియలేదు. ఇది పాడైపోయిందా, లేక ఇలాగే ఉంటుందా? చాలా సందర్భాలలో ఆ వైన్ పాడై ఉండదు. తెరిచిన పది నిమిషాలలోనే దాని మీద తీర్పు చెప్పేయడం వల్ల అలా అనిపిస్తుంది. వయసు మీరిన వైన్ వేరు, చెడిపోయిన వైన్ వేరు; ఆ తేడాను గ్లాసులో గడిచే రెండు మూడు గంటలే తేల్చి చెబుతాయి. కింది పద్ధతి అంతా ఆ గంటలను సరిగా వాడుకోవడానికే.

సిద్ధాంతం కొంచెం చాలు. బరోలో ఇటలీ వాయవ్యాన పియెమోంతె ప్రాంతంలో, ఆల్బా పట్టణానికి దగ్గరలో ఉన్న లంగె కొండల మీద, 11 గ్రామాల పరిధిలో తయారవుతుంది. ఇందులో నెబ్బియోలో అనే ద్రాక్ష తప్ప మరొకటి కలపకూడదు. పంట కోసిన సంవత్సరం నవంబరు 1 నుంచి లెక్కపెట్టి కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాలలో నిల్వ ఉంచిన తరువాతే అమ్మాలన్నది నిబంధన. రిజెర్వా అని రాసి ఉంటే 62 నెలలు. నెబ్బియోలో రసానికి రంగు తక్కువ, పులుపు ఎక్కువ, వగరునిచ్చే టానిన్లు మరీ ఎక్కువ. ఈ మూడు మాటలు గుర్తుంటే పైన చెప్పిన భయాలు సగం తగ్గుతాయి.

కావలసినవి

• ఒక సీసా, దానికి నలుగురికి మించని మనుషులు. 750 మిల్లీలీటర్లను ఎనిమిది మందికి పంచితే ఎవరి గ్లాసులోనూ గంట తరువాత చూడడానికి ఏమీ మిగలదు.
• అడుగు వెడల్పుగా, అంచు కాస్త లోపలికి వంగి ఉండే పెద్ద గ్లాసులు, వీలైతే మనిషికి రెండు.
• మామూలు కార్క్‌స్క్రూ, దానితోపాటు రెండు సన్నని రేకులుండే కార్క్ పుల్లర్. పాత కార్కులకు రెండోదే నమ్మకమైనది.
• గాజు జగ్గు లేదా డికాంటర్ (వైన్‌కు గాలి తగిలేలా పోసి ఉంచే గాజు పాత్ర), చిన్న టార్చి, తెల్ల కాగితం.
• ఉప్పూ కారమూ లేని బ్రెడ్డు, మంచినీళ్ళు, ఉమ్మడానికి ఒక కప్పు.
• నోటు పుస్తకం, పెన్ను.
• వీలైతే లంగె నెబ్బియోలో అనే పేరుతో వచ్చే కొత్త వైన్ ఒకటి. అదే ద్రాక్ష, వయసు తక్కువ, ధర కూడా తక్కువ. పక్కన పెట్టి పోల్చితే పాత సీసాలో ఏది ద్రాక్ష గుణమో, ఏది కాలం తెచ్చిన మార్పో స్పష్టంగా తెలుస్తుంది. పాత సీసా పాడైందని తేలినా, పిలిచిన అతిథులకు పోయడానికి ఒకటి ఉంటుంది.

1. ముందుగా లేబుల్‌ను చదవండి

'అజియెందా అగ్రికొలా' అని ఉంటే సొంత తోటల ద్రాక్షతో వైన్ చేసే వ్యవసాయ కుటుంబమని అర్థం చేసుకోవచ్చు. 'ఇంబొత్తిల్యాతొ అల్లొరిజినె' అని ఉంటే సీసాలో నింపింది కూడా వారేనని తెలుస్తుంది. ఇక్కడ ఒక హెచ్చరిక: బరోలోలో ఒకే ఇంటిపేరుతో వేర్వేరు సంస్థలు ఉన్నాయి. బార్తొలో మస్కరెల్లో వేరు, జుసెప్పె మస్కరెల్లో వేరు. జాకొమొ కొంతెర్నొ వేరు, ఆల్దొ కొంతెర్నొ వేరు. ఇంటిపేరు ఒక్కటే చూసి ఇంటర్నెట్‌లో వివరాలు వెతికితే పొరుగింటి వైన్ గురించి చదువుతూ కూర్చుంటారు.

తరువాత సంవత్సరం చూడండి. 1996, 1999, 2001, 2004, 2006, 2010 పంటలకు నిదానంగా పరిణతి చెందేవని పేరుంది. 2003 విపరీతమైన ఎండల సంవత్సరం కనుక ఆ వైన్లు చాలావరకు త్వరగా వయసు మీరాయి. 2002లో వానలూ వడగళ్ళూ పంటను దెబ్బతీయడంతో ఎంతోమంది తమ ముఖ్యమైన వైన్లను ఆ ఏడాది సీసాలలో నింపనే లేదు. అయితే సంవత్సరాన్ని చూసి సీసా భవిష్యత్తు పూర్తిగా తేల్చలేరు. చెడ్డ ఏడాదిలోనూ శ్రద్ధ గల కుటుంబం మంచి వైన్ చేస్తుంది, మంచి ఏడాది వైన్‌ను కూడా వేడి గది ఒక్క వేసవిలో పాడుచేస్తుంది.

మూడోది, ఊరూ తోటా. సెర్రలుంగ దాల్బా, మోంఫోర్తె దాల్బా గ్రామాల వైన్లు సాధారణంగా బిగువుగా, వగరు ఎక్కువగా ఉంటాయి. లా మొర్రా, బరోలో గ్రామాలవి కొంత మెత్తగా, పరిమళం ముందుగా విచ్చుకునేలా ఉంటాయి. కన్నూబి, బ్రునాతె, మొంప్రివాతొ వంటి తోట పేరు ఉంటే అది ఒక్క తోట వైన్. తోట పేరు లేనంత మాత్రాన అది తక్కువదని అనుకోకండి. బార్తొలో మస్కరెల్లో కుటుంబం తమకున్న కొద్ది హెక్టార్లలోని వేర్వేరు తోటల ద్రాక్షను కలిపి ఒకే బరోలో చేసే పాత ఆచారాన్ని వదలలేదు. 225 లీటర్ల చిన్న ఫ్రెంచి పీపాలు, అంటే బరీక్‌లు, లంగె కొండలను ముంచెత్తిన రోజుల్లో, బరీక్ వద్దు, ఇటలీ రాజకీయ నాయకుడు బెర్లుస్కోని వద్దు అని బార్తొలో చేత్తో లేబుల్ రాసి సీసాకు అంటించాడు. ఆ గొడవతో మీకేం పని అనుకోవద్దు: పెద్ద పీపాలలో, తొక్కలతో వారాల తరబడి నానబెట్టి చేసిన సంప్రదాయ వైన్‌కు తెరిచాక విచ్చుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. కాబట్టి మీ సీసా ఏ పద్ధతికి చెందినదో ముందే తెలుసుకోవడం మంచిది.

2. సీసాను నిలబెట్టండి

పాత బరోలోలో సన్నని, చేదైన మడ్డి ఉంటుంది. పడుకోబెట్టి ఉంచిన సీసాను రెండు మూడు రోజుల ముందే కదలని చోట, చీకటిలో, చల్లగా నిలబెడితే మడ్డి అడుగుకు చేరుతుంది. ఇటలీలో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న మనవాళ్ళు సూట్‌కేసులో తెచ్చిన సీసా అయితే కనీసం రెండు మూడు వారాలు విశ్రాంతినివ్వండి. ఊరికి వచ్చిన రాత్రే తెరిస్తే మడ్డి అంతా కలిసి, వైన్ మసకగా, చేదుగా ఉంటుంది. దాన్ని చూసి చెడిపోయిందనుకుంటారు. ఆ విశ్రాంతి కాలంలో హైదరాబాదు, విజయవాడ వేసవి గది ఉష్ణోగ్రతలో మాత్రం ఉంచకండి. వైన్ ఫ్రిజ్ లేకపోతే మామూలు ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టవచ్చు. అది ఏళ్ళ నిల్వకు తగినది కాదు గాని, కొన్ని వారాలకు 30 డిగ్రీలు దాటిన అలమారా కంటే ఎంతో నయం.

3. తెరవకముందే సీసాను పరీక్షించండి

టార్చి వెలుగులో సీసా మెడను చూడండి. ఇరవై ఏళ్ళ సీసాలో కార్కు అడుగు నుంచి వైన్ మట్టం రెండు మూడు సెంటీమీటర్లు దిగి ఉండడం మామూలే. ఐదు సెంటీమీటర్లు దాటితే గాలి ఎక్కువగా చొరబడి ఉంటుందని అనుమానించండి, కాని పారేయకండి. కార్కు పైకి ఉబికి, మెడ చుట్టూ జిగట మరకలుంటే ఆ సీసా ఎక్కడో వేడికి గురై ఉంటుంది. పై రేకు తీశాక కార్కు తలమీద నల్లని బూజు కనబడితే కంగారు అక్కర్లేదు. అది తేమగల నేలమాళిగలో నిల్వ ఉన్నందుకు గుర్తు. తడిగుడ్డతో తుడిచేస్తే సరిపోతుంది.

4. చల్లదనాన్ని సరిచేయండి

రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలన్న మాట చలిదేశాల గదుల గురించి పుట్టింది. మన గదుల 30 డిగ్రీలలో మద్యం ఘాటు పైకి లేచి పరిమళాన్ని కప్పేస్తుంది. గ్లాసులో వైన్ 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండాలి. 28 డిగ్రీల గదిలో ఉన్న సీసాను నిలువుగానే ఫ్రిజ్‌లో గంట నుంచి గంటన్నర ఉంచండి. మరీ చల్లబడితే వగరు కటువుగా తోస్తుంది. అప్పుడు గ్లాసును అరచేతుల మధ్య కాసేపు పట్టుకుంటే చాలు. ఫ్రీజరులో పెట్టకండి, ఐసు వేయకండి.

5. నిదానంగా తెరవండి

రెండు రేకుల పుల్లర్‌ను కార్కుకూ గాజుకూ మధ్య అటూ ఇటూ ఊపుతూ దింపి, మెల్లగా తిప్పుతూ పైకి లాగండి. మామూలు స్క్రూ తప్ప వేరేది లేకపోతే దాన్ని నిలువుగా, వీలైనంత లోతుకు దింపి, కుదుపు లేకుండా లాగండి. కార్కు విరిగి ముక్కలు వైన్‌లో పడినా ఏమీ కాదు, సన్నని స్టీలు వడకట్టుతో వడపోయండి. కాఫీ ఫిల్టర్ కాగితం వాడితే దాని వాసన వైన్‌కు పట్టవచ్చు. చివరగా సీసా మూతిని లోపలి వరకు శుభ్రమైన గుడ్డతో తుడవండి.

6. మొదటి చెంచాడు వైన్‌ను వాసన చూడండి, తీర్పు చెప్పకండి

ఈ మెట్టు దగ్గరే ఎక్కువమంది తప్పులో పడతారు కనుక వివరంగా చెబుతాను. కొద్దిగా, రెండు చెంచాల వైన్‌ను గ్లాసులో పోసి వాసన చూడండి. ఏళ్ళ తరబడి మూసి ఉన్న సీసా నుంచి మొదట మూసిన గది వాసన, కొంచెం గంధకం వాసన, కాలిన అగ్గిపుల్ల వాసన రావచ్చు. ఇవి గాలి తగిలితే పోతాయి. నిజమైన దోషాలు నాలుగు, వాటిని ఇలా గుర్తించండి.

తడిసిన అట్టపెట్టె, బూజు పట్టిన నేలమాళిగ వాసన వస్తే అది కార్కు దోషం. టీసీఏ అనే పదార్థం లీటరుకు కొన్ని నానోగ్రాములున్నా ముక్కుకు తెలుస్తుంది. దీన్ని మూసిన గది వాసన నుంచి వేరుచేసే పరీక్ష సులభం: గ్లాసును అరగంట వదిలేయండి. మూసిన గది వాసన తగ్గుతుంది. కార్కు దోషం అలాగే ఉంటుంది లేదా పెరుగుతుంది, పండు వాసన మాత్రం ఆనవాలు లేకుండా పోతుంది. దానికి మందు లేదు.

నెయిల్ పాలిష్ లేదా వెనిగర్ వాసన ఘాటుగా వస్తే ఎగిరే ఆమ్లం ఎక్కువైందన్న మాట. పాత బరోలోలో ఇది ఇసుమంత ఉండడం సహజం, పరిమళాన్ని కొంత పైకి లేపుతుంది కూడా. గొంతులో మంట పుట్టిస్తేనే దోషం. గుర్రపుశాల, ప్లాస్టరు పట్టీ వాసన బ్రెట్ అనే ఈస్ట్ పని. దీన్ని కొందరు ఇష్టపడతారు, నేను ఇష్టపడను. నలిగి గోధుమరంగు తిరిగిన ఆపిల్ వాసనతో, రుచి చప్పగా తేలిపోతే వైన్ ఆక్సీకరణం చెంది అయిపోయిందని అర్థం. అయితే దీన్ని కూడా గంట తరువాత మరోసారి చూసి నిర్ధారించుకోండి.

కార్కును మూచూసి తీర్పు చెప్పే అలవాటు మానండి. కంపు కొట్టే కార్కు కింద మంచి వైన్ ఉంటుంది, శుభ్రమైన కార్కు కింద చెడ్డదీ ఉంటుంది.

7. గాలి ఎంత ఇవ్వాలో నిర్ణయించండి

ఇరవై ఏళ్ళ లోపు, సంప్రదాయ పద్ధతిలో చేసిన బిగువైన బరోలో అయితే డికాంటర్‌లో పోసి రెండు మూడు గంటలు ఉంచవచ్చు. ముప్పై ఏళ్ళు దాటిన దాన్ని వెడల్పు డికాంటర్‌లోకి దబదబా పోస్తే మిగిలిన సున్నితమైన పరిమళం అరగంటలో ఎగిరిపోయే ప్రమాదముంది. దానికి మరో దారి ఉంది: భోజనానికి నాలుగైదు గంటల ముందు తెరిచి, ఒక చిన్న గుక్కెడు పోసి వైన్ మట్టాన్ని సీసా భుజం దాకా దించి, మూత వేయకుండా చల్లని చోట కదపకుండా వదిలేయండి. అనుమానం ఉన్నప్పుడు ఈ రెండో దారినే పట్టండి. తక్కువైన గాలిని గ్లాసు తిప్పి తరువాత ఇవ్వవచ్చు, ఎక్కువైన గాలిని వెనక్కి తీసుకోలేరు.

8. మడ్డి రాకుండా వంచండి

సీసా మెడ కింద టార్చి వెలిగించి పెట్టి, ఆపకుండా ఒకే ధారగా జగ్గులోకి వంచండి. మెడ దగ్గరకు నల్లని పొగలా మడ్డి చేరగానే ఆపండి. చివరి రెండు మూడు గుక్కలు పోతాయి. వాటికి ఆశపడితే మొత్తం చేదెక్కుతుంది. నేరుగా గ్లాసులలోకే పోస్తున్నట్లయితే సీసాను మధ్యలో నిలబెట్టకుండా, వంచిన చేతిని అలాగే ఉంచి వరుసగా అన్ని గ్లాసులూ నింపండి.

పోసే ముందు గ్లాసులను వాసన చూడడం మరచిపోవద్దు. అలమారా వాసన, సబ్బు వాసన ఉంటే కొంచెం వైన్‌తో తొలిచి ఆ వైన్‌ను పారబోయండి; ఇటలీలో ఈ అలవాటు ఉంది. గదిలో అగరుబత్తి వెలిగించకండి, అత్తరు పూసుకోకండి, పక్క వంటింట్లో ఇంగువ తాలింపు పడకుండా చూసుకోండి.

9. రంగును చూడండి, దానికి లొంగకండి

తెల్ల కాగితం మీద గ్లాసును వంచి అంచు దగ్గర చూడండి. మధ్యలో లేత దానిమ్మ రంగు, అంచున నారింజ లేదా ఇటుక ఛాయ ఉండడం నెబ్బియోలోకు సహజం. పదేళ్ళ వైన్‌లోనే ఇది కనబడుతుంది. మెరుపు ఉందా, మసక ఉందా అన్నది రంగు కంటే ముఖ్యం. వెలిసినా మెరుస్తూ ఉంటే ఆశ ఉన్నట్టే. అంచు నుంచి మధ్య దాకా గోధుమరంగు తిరిగి, మెరుపు కూడా పోతే ఆరో మెట్టులోని ఆపిల్ వాసన కోసం మళ్ళీ వెతకండి.

10. వాసన

గ్లాసును కదపకుండా ఒకసారి, మెల్లగా తిప్పి మరోసారి వాసన చూడండి. బలంగా పీల్చవద్దు, చిన్న చిన్న శ్వాసలు తీసి, మధ్యలో విరామమివ్వండి. మంచి పాత బరోలోలో ఎండు గులాబీ రేకులు, తారు, అతిమధురం, ఎండిన చెర్రీ, కమలా తొక్క, పొగాకు, తోలు, పుట్టగొడుగులు, వాన పడిన నేల వంటివి వస్తాయి. ఆల్బా ప్రాంతపు తెల్ల ట్రఫుల్ (నేలలో పెరిగే పుట్టగొడుగు వంటిది) వాసన కూడా చెబుతారు గాని, ట్రఫుల్ ఎప్పుడూ తినని వారు దాన్ని వెతుక్కోవలసిన పని లేదు. పుస్తకంలోని జాబితాను అప్పగించకండి; మీకు తెలిసిన వస్తువు పేరే రాయండి. అటకమీది పాత కాగితాల వాసన వస్తే అదే రాయండి.

11. నోట్లో

పెద్ద గుక్క కాదు, చెంచాడు తీసుకుని పది సెకన్లు నోరంతా తిప్పండి. నాలుక పక్కల నీరూరితే అది పులుపు. చిగుళ్ళు, బుగ్గల లోపలి భాగం పట్టేసినట్టయితే అవి టానిన్లు. టానిన్ ఉందా లేదా అన్నది ప్రశ్న కాదు, అది ఎలా ఉందన్నదే చూడాలి. కరక్కాయ కొరికినట్టు గరుకుగా పట్టేస్తే వైన్ ఇంకా చిన్నది లేదా గాలి చాలలేదు. సన్నని పొడిలా పరుచుకుని కరిగిపోతే అది పక్వమైంది. వగరు ఒక్కటే మిగిలి పండు రుచి ఎక్కడా లేకపోతే వైన్ సమయం దాటిపోయింది. మింగిన తరువాత లేదా ఉమ్మిన తరువాత రుచి ఎన్ని సెకన్లు నిలిచిందో లెక్కపెట్టండి. రంగు వెలిసినా, వాసన సన్నగిల్లినా, రుచి అరనిమిషం నిలిస్తే ఆ వైన్ బతికే ఉంది.

బ్రెడ్డు ముక్క తిని మళ్ళీ రుచి చూడండి, ఆపైన తిండితో చూడండి. లంగె ప్రాంతంలో దీనికి తోడు గుడ్డుసొనలతో చేసే సన్నని తయారిన్ పాస్తా, వైన్‌లో ఉడికిన గొడ్డుమాంసం, పాతబడిన గట్టి చీజ్. మన ఇంట్లోనైతే కారం తగ్గించిన మటన్, వెన్నలో వేయించిన పుట్టగొడుగులు చక్కగా కుదురుతాయి. గోంగూర మటన్ ఎంత ఇష్టమైనదైనా ఆ రోజుకు పక్కన పెట్టండి: మిరపకారం మద్యాన్ని మండిస్తుంది, వగరును రెట్టింపు చేస్తుంది, గోంగూర పులుపు వైన్ రుచిని చప్పబరుస్తుంది.

12. గంట గంటకూ తిరిగి రండి

తెరిచిన వెంటనే, అరగంటకు, గంటకు, రెండు గంటలకు, ఆఖరున మూడు గంటలకు ఒక్కొక్క వాక్యం రాయండి. మార్కులు వేయకండి, ఏది పెరిగింది, ఏది తగ్గింది అని మాత్రమే రాయండి. మనిషికి ఒక గ్లాసును మొదటి నుంచీ ముట్టకుండా ఉంచి, రెండోదాన్ని కొద్ది కొద్దిగా తాగుతూ వెళితే మార్పు మరింత స్పష్టంగా పట్టుబడుతుంది.

తరచుగా జరిగే తప్పులు

అన్నిటికన్నా పెద్ద తప్పు, పాత సీసాను సందడిగా ఉన్న విందులో, విస్కీ తరువాత తెరవడం. విస్కీ తాగిన నాలుకకు ఏ బరోలో అయినా పుల్లని నీళ్ళలా తోస్తుంది. రెండోది, పాతదైతే చాలు గొప్పదనుకోవడం. బరోలోలన్నీ ముప్పై ఏళ్ళు నిలవవు, నిలిచినవన్నీ మీకు నచ్చాలని లేదు. చిన్న కుటుంబం చేసింది కాబట్టి లోపాలను సొగసుగా లెక్కవేయడం కూడా తప్పే: వెనిగర్ ఎవరి సీసాలోనైనా వెనిగరే. గ్లాసును సగానికి మించి నింపడం, బ్రష్ చేసుకున్న వెంటనే రుచి చూడడం చిన్న తప్పులు గాని, అవీ ఫలితాన్ని మారుస్తాయి. రుచి చూసిన వారెవరూ వాహనం నడపకూడదు. ఉమ్మే కప్పు ఉన్నా ఇది వర్తిస్తుంది.

మీ తీర్పు సరైనదేనా అని చూసుకోవడం

రెండు పరీక్షలు ఉన్నాయి. మొదటిది, డికాంటర్‌లో ఉంచిన వైన్‌ను, సీసాలోనే మిగిల్చిన వైన్‌ను రెండు గ్లాసులలో వేరొకరిచేత పోయించుకుని, ఏది ఏదో తెలియకుండా రుచి చూడండి. తేడా పట్టుకోలేకపోతే, ఆ వైన్‌కు గాలి గురించి మీరు పడిన హైరానా అనవసరమని తేలుతుంది; తరువాతి సీసాకు ఆ శ్రమ తప్పుతుంది.

రెండోది మరీ ఉపయోగకరం. ఒక చిన్న సీసాను బాగా కడిగి, ఆరబెట్టి, అంచు దాకా వైన్ నింపి బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. మరునాడు సాయంత్రం బయటికి తీసి, 16 డిగ్రీలకు వచ్చాక ముందురోజు రాతను చూడకుండా రుచి చూసి, ఆ తరువాత రెండు రాతలనూ పోల్చండి. మెరుగుపడి ఉంటే, అదే సంవత్సరపు మరో సీసా మీ దగ్గరుంటే దాన్ని ఇంకా కొన్నేళ్ళు చల్లని చోట ఉంచవచ్చు. అలాగే ఉంటే ఏడాది రెండేళ్ళలో తెరవండి. చదునుబడి, పండు రుచి పోయి ఉంటే ఆ రెండో సీసాను ఈ చలికాలంలోనే, డికాంటర్ జోలికి పోకుండా తాగేయండి.